అంపైర్ చెప్పాలా, ఊరుకోవాలా? పిల్లల సాఫ్ట్‌బాల్‌లో రూల్స్ ఎలా ఒంటబడతాయి

క్లుప్తంగా: సాఫ్ట్‌బాల్ బేస్‌బాల్‌కు దగ్గరి ఆట. పిల్లల సాఫ్ట్‌బాల్‌లో రూల్స్ ఎక్కువగా ఒంటబట్టేది మైదానంలోనే, అంపైర్ గొంతు విని, చేతి సైగలు చూసి. అయితే ఆట మధ్యలో అన్నీ చెప్పడానికి అంపైర్‌కు వీల్లేదు. కొన్నిచోట్ల నోరు విప్పితే ఒక జట్టుకు సాయం చేసినట్టే. ఎక్కడ చెప్పాలి, ఎక్కడ ఊరుకోవాలి అన్న గీత పిల్లల వయసును బట్టి జరుగుతుంటుంది. అది జరుగుతుందన్న సంగతి తల్లిదండ్రులకు ముందుగా తెలియకపోవడం వల్లే మైదానం పక్కన చాలా గొడవలు మొదలవుతున్నాయి.

పదేళ్లలోపు అమ్మాయిల మ్యాచ్. ఈ ఆటలో బంతి కొట్టినవాళ్లు మైదానంలో వరసగా ఉండే బేస్‌లను తొక్కుతూ చుట్టూ తిరిగొస్తేనే పరుగు. ఫస్ట్ బేస్ మీదున్న రన్నర్‌కు, అంటే అలా పరిగెత్తే పాపకు, తొందర ఎక్కువ. బంతి విసిరే పిచర్ చెయ్యి ఇంకా గిర్రున తిరుగుతూనే ఉంది, బంతి వేళ్లను వదలనే లేదు, ఈ పాప కాలు అప్పుడే బేస్ దాటేసింది. బంతిని వేగంగా విసిరే ఫాస్ట్‌పిచ్ రకం సాఫ్ట్‌బాల్‌లో ఇది తప్పు. పిచర్ బంతిని వదిలేదాకా రన్నర్ బేస్‌ను అంటిపెట్టుకునే ఉండాలి. లేదంటే ఆ బంతి లెక్కలోకి రాదు, రన్నర్ అవుట్. అక్కడున్న అంపైర్‌కు రెండు దారులున్నాయి. రెండు చేతులూ పైకెత్తి ‘డెడ్ బాల్’ అని అరిచి అవుట్ ఇవ్వొచ్చు. లేదా ఈసారికి బంతి ఆపి, ‘చేతిలోంచి బంతి వదిలాకే కదలాలమ్మా’ అని చెప్పి పాపను వెనక్కి పంపొచ్చు.

పోయిన శనివారం ఒక అంపైర్ చెప్పి వదిలేశారు. ఈ శనివారం ఇంకొకరు అవుట్ ఇచ్చారు. డాలస్ శివార్లలోనో న్యూజెర్సీలోనో మైదానం పక్కన మడతకుర్చీలు వేసుకుని కూర్చున్న తల్లిదండ్రులకు ఇది అన్యాయంగా కనిపిస్తుంది. వాళ్లలో క్రికెట్ చూస్తూ పెరిగిన తెలుగువాళ్లయితే మరీ అయోమయం. ముందుముందు ఈ ఆటలోకి వచ్చే పిల్లలు పెరిగే అవకాశమే ఎక్కువ. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోకి సాఫ్ట్‌బాల్‌ను మళ్లీ తీసుకోవాలని 2023 అక్టోబరులో ముంబైలో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ (ఐఓసీ) సమావేశం నిర్ణయించింది. క్రికెట్‌కు చోటు దొరికింది కూడా ఆ సమావేశంలోనే. సాఫ్ట్‌బాల్ మ్యాచ్‌లు ఓక్లహోమా సిటీలో జరుగుతాయి. టీవీలో చూసి ఆట మీద మోజు పడే పిల్లలకు రూల్స్ ఎవరు నేర్పాలన్నది ఇప్పుడే మాట్లాడుకోవాల్సిన విషయం.

ఒకే ఆట, ఎన్నో రూల్‌బుక్కులు

1887 నవంబరులో షికాగోలోని ఫారగట్ బోట్ క్లబ్‌లో కొందరు బాక్సింగ్ గ్లవ్‌ను తాడుతో బంతిలా చుట్టి, చీపురుకర్రతో కొడుతూ ఆడిన ఆటే సాఫ్ట్‌బాల్‌కు మొదలు. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్లపాటు ఏ ఊరి రూల్ ఆ ఊరిదే. సాఫ్ట్‌బాల్ అన్న పేరు కూడా 1926లో గానీ పుట్టలేదు. 1933లో ఏర్పడిన అమెచ్యూర్ సాఫ్ట్‌బాల్ అసోసియేషన్ రూల్స్‌ను ఒక దారికి తెచ్చింది. ఇప్పుడు దాని పేరు యూఎస్ఏ సాఫ్ట్‌బాల్.

ఒక దారికి వచ్చినా ఒకే పుస్తకం కాలేదు. పిల్లల పోటీలు నడిపే లిటిల్ లీగ్ సంస్థకు ఒక రూల్‌బుక్. హైస్కూళ్లకు ఎన్ఎఫ్‌హెచ్ఎస్ అనే సమాఖ్య రాసినది ఇంకొకటి. కాలేజీలది వేరు, అంతర్జాతీయ పోటీలది వేరు. వీటికి తోడు ప్రతి స్థానిక లీగూ తన సొంత సవరణలు కలుపుకుంటుంది. పిచర్ నిలబడే దూరమే చూడండి: పదేళ్లలోపు వాళ్లకు సాధారణంగా 35 అడుగులు, పన్నెండేళ్లలోపు వాళ్లకు 40, హైస్కూల్లో 43. బంతి చుట్టుకొలత చిన్నపిల్లలకు 11 అంగుళాలు, ఆపైన 12.

దూరాలూ కొలతలూ పిల్లలు ఇట్టే అలవాటు చేసుకుంటారు. కష్టమంతా ఒక లీగ్‌లో ఉండి ఇంకో లీగ్‌లో లేని రూల్స్‌తో వస్తుంది. బ్యాటర్ కొట్టలేకపోయిన, లేదా కొట్టదగ్గదై ఉండీ వదిలేసిన బంతి స్ట్రయిక్; మూడు పడితే మామూలుగా అవుట్. ఆ మూడో స్ట్రయిక్‌ను బ్యాటర్ వెనక ఉండే క్యాచర్ పట్టుకోలేక జారవిడిచిన సందర్భం తీసుకుందాం. ఫస్ట్ బేస్ ఖాళీగా ఉంటే, లేదా అప్పటికే రెండు అవుట్లు పడి ఉంటే, బ్యాటర్ ఫస్ట్ బేస్‌కు పరిగెత్తవచ్చు. బంతి అక్కడికి చేరేలోపు తాను చేరితే సేఫ్. చిన్న వయసు డివిజన్లు చాలావాటిలో ఈ రూల్ ఉండదు. రెండేళ్లపాటు ‘మూడు స్ట్రయిక్‌లు పడ్డాయా, డగౌట్‌కు వచ్చెయ్’ అని నేర్చుకున్న పాప పై డివిజన్‌కు వెళ్తుంది. మూడో స్ట్రయిక్ పడగానే తల వంచుకుని నడక మొదలెడుతుంది. వెనకాల బంతి కంచె దాకా దొర్లుతోంది. కోచ్ ‘రన్! రన్!’ అని గొంతు చించుకుంటున్నాడు. పాపకేమో అవుటయ్యాక పరిగెత్తమంటున్నాడేమిటన్న టెన్షన్.

ఇక్కడ అంపైర్ పద్ధతిలోనే ఒక పాఠం దాగి ఉంది. పరుగుకు అవకాశం లేనప్పుడు, అంటే ఫస్ట్ బేస్ మీద రన్నర్ ఉండి అవుట్లు రెండుకు తక్కువైనప్పుడు, మూడో స్ట్రయిక్ జారితే అంపైర్ ‘బ్యాటర్ ఈజ్ అవుట్’ అని అందరికీ వినిపించేలా ప్రకటిస్తారు. అవకాశం ఉన్నప్పుడు స్ట్రయిక్ మాత్రమే చెప్పి ఆగిపోతారు. కాస్త చెవిపెట్టి వినే పిల్లలు నాలుగైదు మ్యాచ్‌లలో ఈ తేడా పట్టేస్తారు.

చెయ్యి చెప్పే పాఠం

అంపైర్ సైగలు స్కోరు రాసేవాళ్ల కోసమే అనుకుంటారు చాలామంది. నిజానికి ప్రతి సైగా పరిగెత్తుతున్న పిల్లలకు అందే సమాచారం. బ్యాటర్ కొట్టిన బంతి మైదానం పక్క గీతకు అవతల పడితే అంపైర్ రెండు చేతులూ ఎత్తి ‘ఫౌల్’ అని గట్టిగా అరుస్తారు. లోపల పడితే నోరు విప్పరు, మైదానం వైపు వేలు చూపిస్తారు, అంతే. ఫెయిర్, ఫౌల్ రెండూ ‘ఫ’తోనే మొదలవుతాయి కాబట్టి గోలలో ఒకటి ఇంకోటిలా వినిపించే ప్రమాదం ఉంది. అందుకే ఒకదానికి మాట, రెండోదానికి మౌనం. అంపైర్ గొంతు వినిపించనంతసేపూ పరిగెత్తుతూనే ఉండాలని పిల్లలకు అర్థమైతే సగం బేస్‌రన్నింగ్ వచ్చినట్టే.

ఎడమ చెయ్యి పక్కకు చాచి పిడికిలి బిగించడం ఇంకో సైగ. తప్పు జరిగింది, అయినా ఆట ఆగలేదు, ఆగాక తేలుస్తాను అని దాని అర్థం. బంతి చేతిలో లేని ఫీల్డర్ రన్నర్ దారికి అడ్డం నిలబడినప్పుడు ఇది కనిపిస్తుంది. ఆట ముగిశాక అంపైర్ ఆ ఫీల్డర్‌తో ‘బంతి లేనప్పుడు దారి వదలాలి’ అని ఒక్క ముక్క చెబితే, తప్పు ఎవరిదో, రన్నర్‌కు బేస్ ఎందుకు దక్కిందో రెండు జట్లకూ ఒకేసారి తెలుస్తుంది. ఈ ఒక్క ముక్క చాలామంది అంపైర్లు చెప్పరు. చెయ్యి దించేసి తర్వాతి బంతికి వెళ్లిపోతారు. అడ్డం నిలబడిన పాపకు తాను చేసిందేమిటో తెలియదు. తర్వాతి ఇన్నింగ్స్‌లో మళ్లీ అక్కడే నిలబడుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం ఇన్‌ఫీల్డ్ ఫ్లైతో. బేస్‌లన్నీ నిండి ఉన్నాయి, ఒక అవుట్ పడింది. బ్యాటర్ కొట్టిన బంతి నిట్టనిలువుగా లేచి, సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ నెత్తిమీదికి దిగుతోంది. క్యాచ్ పడితే బ్యాటర్ అవుట్, రన్నర్లు తమ బేస్‌లలోనే ఉండాలి. క్యాచ్ జారితే రన్నర్లందరూ ముందుకు పరిగెత్తక తప్పదు. రూల్ లేకపోతే షార్ట్‌స్టాప్ బంతిని కావాలనే కింద పడేసి, బేస్‌ల దగ్గరే ఇరుక్కుపోయిన రన్నర్లలో ఇద్దరిని సులువుగా అవుట్ చేయొచ్చు. ఆ మోసం కుదరకుండా, బంతి ఇంకా గాల్లో ఉండగానే అంపైర్ చెయ్యి ఎత్తి ‘ఇన్‌ఫీల్డ్ ఫ్లై, బ్యాటర్ ఈజ్ అవుట్’ అంటారు. గీత దగ్గర పడేలా ఉంటే ‘ఇఫ్ ఫెయిర్’ అని కలుపుతారు. రెండుకన్నా తక్కువ అవుట్లు ఉండి, ఫస్ట్, సెకండ్ బేస్‌ల మీద లేదా మూడు బేస్‌ల మీదా రన్నర్లు ఉంటేనే ఇది వర్తిస్తుంది. బ్యాటు అడ్డం పెట్టి మెల్లగా తట్టే బంట్‌కూ, గాల్లో తిన్నగా దూసుకెళ్లే బంతికీ వర్తించదు.

ఇక్కడ రూల్ ఎంత ముఖ్యమో, చెప్పే సమయమూ అంతే ముఖ్యం. బంతి శిఖరానికి చేరిన క్షణంలో గొంతు వినిపిస్తే ముగ్గురు రన్నర్లూ బేస్‌ల దగ్గర నిలబడిపోతారు. ఒక్క క్షణం ఆలస్యమైనా క్యాచ్ జారడం చూసి ఒకరు పరిగెత్తుతారు, ఆమెను చూసి రెండోవాళ్లు. రన్నర్లు తమ పూచీ మీద ముందుకు వెళ్లొచ్చు గానీ వెళ్లి తీరాల్సిన పని లేదన్నది ఈ రూల్లో అతి సన్నని ముక్క. ఏ కోచ్ బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినా అంత తొందరగా ఎక్కదు. సమయానికి పడిన ఒక్క కేక, అది విని బేస్ మీదే ఆగి బతికిపోయిన అనుభవం ఉంటే ఇక మరిచిపోరు.

క్యాచర్‌కు దక్కే అదనపు క్లాసు

జట్టులో అంపైర్‌తో ఎక్కువసేపు గడిపేది క్యాచర్. మ్యాచంతా అంపైర్ నిలబడేది ఆమె భుజం వెనకే. కాబట్టి పిచర్‌కు చెప్పాల్సిన మాట చాలాసార్లు క్యాచర్ ద్వారానే వెళ్తుంది. ‘బంతి వేసేముందు మీ పిచర్ రెండు చేతులూ కలిపి కనీసం ఒక సెకను ఆగాలి, చెప్పు’ అని ఇన్నింగ్స్ మధ్యలో అంపైర్ మెల్లగా అంటే, అది ఇల్లీగల్ పిచ్, అంటే రూల్ తప్పి వేసిన బంతి, కాకముందే ఆగిన తప్పు. అమెరికాలో అంపైర్లకు ఇచ్చే శిక్షణలో ఈ నివారణ పద్ధతికి పెద్ద చోటే ఉంది.

ఇంకో చిన్న సంగతి. ఫౌల్ బంతి మాస్క్‌కో భుజానికో తగిలి క్యాచర్ విలవిల్లాడినప్పుడు, బ్యాటర్ ముందు నేలమీద ఉండే హోమ్ ప్లేట్ అనే పలక శుభ్రంగానే ఉన్నా అంపైర్ ముందుకొచ్చి, వంగి, నిదానంగా బ్రష్‌తో తుడుస్తారు. ఆ పాప ఊపిరి తీసుకోవడానికి ఇచ్చే వ్యవధి అది. రూల్‌బుక్కులో ఉండదు. ఆట ఆపకుండా తోటి మనిషిని కనిపెట్టుకోవడం ఎలాగో మాత్రం క్యాచర్‌కు తెలుస్తుంది.

తెలిసీ ఊరుకోవాల్సిన చోటు

రన్నర్ సెకండ్ బేస్‌ను తొక్కకుండానే మూడో దానికి పరిగెత్తింది. అంపైర్ కళ్లారా చూశారు. అయినా ఏ సైగా చెయ్యరు. తర్వాతి బంతి వేసేలోపు ఫీల్డింగ్ జట్టు అప్పీలు చేస్తే అవుట్, చెయ్యకపోతే ఆ పరుగు పరుగే. బ్యాటింగ్ వరుస తప్పి వేరే అమ్మాయి వచ్చినా అంతే. అంపైర్ దాన్ని ఎవరి దృష్టికీ తేకూడదు, అవతలి జట్టే కనిపెట్టుకోవాలి.

క్రికెట్ తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. క్రికెట్ లాస్‌లో 31వది ప్రకారం ఫీల్డర్ అప్పీలు చెయ్యందే అంపైర్ ఏ బ్యాటర్‌నూ అవుట్ ఇవ్వకూడదు. ‘హౌజ్ దట్’ కేక అందుకే. తేడా ఏమిటంటే, క్రికెట్‌లో అప్పీలు ప్రతి అవుట్‌కూ కావాలి, సాఫ్ట్‌బాల్‌లో కొన్నిటికే. ఫస్ట్ బేస్ దగ్గర అవుటా సేఫా అన్నది అంపైర్ అడక్కుండానే చెబుతారు. తొక్కని బేస్ గురించి అడిగితేనే చెబుతారు. పిల్లలకు తికమక పెట్టేది ఈ తేడాయే. ఒకచోట నోరు విప్పిన మనిషి ఇంకోచోట చూసీ చూడనట్టు ఉన్నారేమిటి అనుకుంటారు.

దీని వెనక తర్కం గట్టిది. బేస్ తప్పిందని అంపైర్ చెప్పడం ఫీల్డింగ్ జట్టుకు ఉచితంగా ఒక అవుట్ ఇవ్వడమే. బేస్‌లను గమనించడం కూడా ఫీల్డర్ల నైపుణ్యంలో భాగం. కాబట్టి ఇక్కడ నేర్పే పని పూర్తిగా కోచ్‌లది. మ్యాచ్ ముగిశాక, రెండు జట్లూ చేతులు కలిపాక, ‘మూడో ఇన్నింగ్స్‌లో ఏం జరిగిందండీ?’ అని కోచ్ అడిగితే రూల్ వివరించడానికి అంపైర్‌కు అడ్డేమీ లేదు. ఆ ప్రశ్న అడిగే కోచ్‌లు తక్కువ. అడిగిన కోచ్ జట్టు మాత్రం తర్వాతి వారానికి బేస్‌ల మీద కళ్లు పెట్టడం నేర్చుకుంటుంది.

వయసుతో జరిగే గీత

కోచే బంతి వేసే ఎనిమిదేళ్లలోపు ఆటల్లో అంపైర్ దాదాపు మూడో కోచ్. ఎటు పరిగెత్తాలో కూడా చెబుతారు, ఎవరూ తప్పు పట్టరు. పదేళ్లలోపు డివిజన్‌కు వచ్చేసరికి పిల్లలే పిచ్ చేస్తారు, బంతులు చాలావరకు దూరంగా పోతాయి. పుస్తకం ప్రకారం స్ట్రయిక్ జోన్, అంటే బంతి స్ట్రయిక్‌గా లెక్కకొచ్చే హద్దు, చంక నుంచి మోకాలి పైభాగం దాకా, ప్లేట్ వెడల్పున. ఆ హద్దు బయట నాలుగు బంతులు పడితే బ్యాటర్ ఊరికే ఫస్ట్ బేస్‌కు నడిచి వెళ్లొచ్చు. దాన్ని అక్షరాలా పాటిస్తే ఆట నడక పోటీగా మారుతుంది. బ్యాటర్లు బ్యాటు తిప్పకుండానే బేస్‌లు నింపేస్తారు. అందుకే అంపైర్లు జోన్‌ను కొంచెం పెద్దది చేస్తారు. లిటిల్ లీగ్ మైనర్ డివిజన్‌లో అయితే సగం ఇన్నింగ్స్‌కు 5 పరుగులే అన్న హద్దు కూడా ఉంది. చిన్నపిల్లలకు ఆట సాగడమే ముఖ్యమని రూల్‌బుక్కే ఒప్పుకుందన్న మాట.

పన్నెండేళ్ల దగ్గర పరిస్థితి మారుతుంది. వారాంతపు టోర్నమెంట్లకు తిరిగే ట్రావెల్ జట్లలో బేస్ ముందుగా వదిలితే హెచ్చరికలుండవు, అవుటే. పిచర్ తన వృత్తంలో బంతి పట్టుకుని ఉండగా, బ్యాటర్ పరుగు ముగిశాక కూడా రన్నర్ బేస్‌ల మధ్య ఊగిసలాడితే లుక్‌బ్యాక్ రూల్ కింద అవుట్. ఆ వృత్తం వ్యాసార్ధం 8 అడుగులు. బంతి అందులోకి చేరగానే రన్నర్ ముందుకో వెనక్కో వెంటనే తేల్చుకోవాలి. కింది డివిజన్‌లో ఈ తప్పుకు మందలింపుతో సరిపెట్టుకున్న పాపకు ఇక్కడ తగిలేది పెద్ద దెబ్బే.

హెచ్చరించి వదలడం తప్పు కాదు. మ్యాచ్ మొదట్లో, రెండు జట్లకూ సమానంగా, భద్రతకూ పద్ధతికీ సంబంధించిన వాటికే హెచ్చరిక ఉంటే అది నిజంగా పాఠమే. కొట్టాక బ్యాటు విసిరేయడం, చేతులు కలపకుండా పిచ్ చెయ్యడం, బేస్ ముందుగా వదలడం అలాంటివి. ఆఖరి ఇన్నింగ్స్‌లో, స్కోరు సమంగా ఉన్నప్పుడు, ఒక జట్టుకే ఇచ్చిన హెచ్చరికను మాత్రం అవతలి జట్టు పిల్లలు ఎంతకాలమైనా మరిచిపోరు.

క్రికెట్ అలవాటుతో బేస్‌ల మీదికి

మన దగ్గరా సాఫ్ట్‌బాల్ ఉంది. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో అండర్ 14, 17, 19 విభాగాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పిల్లలు ఆడుతున్నారు. ఇక్కడ సమస్య వేరే రకం. పిల్లల ఒంట్లో అప్పటికే క్రికెట్ ఉంటుంది.

కొట్టాక బ్యాటు పట్టుకునే పరిగెత్తుతారు, క్రీజులో బ్యాటు పెట్టే అలవాటు అది. సాఫ్ట్‌బాల్‌లో బ్యాటును వదిలి వెళ్లాలి, అదీ విసిరేయకుండా. బ్యాటుకు తగిలి వికెట్ కీపర్ వెనక్కి పోయి గీత దాటిన బంతి క్రికెట్‌లో నాలుగు పరుగులు, ఇక్కడ ఫౌల్. అన్నిటికన్నా లోతైన అలవాటు ఇంకొకటి. క్రికెట్‌లో కొట్టి నిలబడొచ్చు, పరిగెత్తాలా వద్దా అన్నది బ్యాటర్ ఇష్టం. సాఫ్ట్‌బాల్‌లో బంతి ఫెయిర్ అయితే పరిగెత్తి తీరాలి. ఫస్ట్ బేస్ మీద అప్పటికే ఉన్న అమ్మాయీ జాగా ఖాళీ చేసి తీరాలి. ఫోర్స్ అవుట్ పుట్టేది ఈ తప్పనిసరి నుంచే. వెనక నుంచి తోసుకొచ్చేవాళ్లుంటే ఫీల్డర్ బంతితో బేస్‌ను తాకితే చాలు, లేకపోతే రన్నర్‌ను తాకాలి. మొదటిది వికెట్లు పడగొట్టి రనౌట్ చేయడంలాంటిదని చెబితే మన పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. రెండోదానికి క్రికెట్‌లో సాటి లేదు. అందుకే ప్రాక్టీసులో దానికి ఎక్కువ సమయం కావాలి.

పొద్దున ప్రాక్టీసులో నేర్పిన పీఈటీయే సాయంత్రం స్కూలు మైదానంలో అంపైర్‌గా నిలబడటం మన దగ్గర మామూలే. దీనివల్ల ఒక మేలుంది: ఏ పాపకు ఏ రూల్ ఎక్కలేదో ఆయనకు ముందే తెలుసు. చిక్కు కూడా అక్కడే ఉంది. ప్రాక్టీసులో ‘బేస్ తొక్కలేదమ్మా’ అని చెప్పే నోరు, మ్యాచ్‌లో అదే చూసి మూసుకోవాలి. ఈ తేడాను పిల్లలకు ముందే తెలుగులో విడమర్చి చెప్పిన చోట, సారు మౌనం వాళ్లకు అన్యాయంగా తోచదు.

నేర్పే మనిషే కరువైతే

అమెరికాలో 2018-19 తర్వాతి కొన్నేళ్లలో అన్ని ఆటలూ కలిపి సుమారు 50 వేలమంది హైస్కూల్ అంపైర్లు, రిఫరీలు తప్పుకున్నారని ఎన్ఎఫ్‌హెచ్ఎస్ చెప్పింది. కారణాల్లో తల్లిదండ్రుల అరుపులు ముందు వరసలో ఉన్నాయి. 2023లో న్యూజెర్సీలోని డెప్ట్‌ఫర్డ్ లిటిల్ లీగ్‌లో ఇద్దరు వాలంటీర్ అంపైర్లు మానేశాక, అంపైర్‌ను తిట్టిన తల్లిదండ్రులు మూడు మ్యాచ్‌లకు తామే అంపైరింగ్ చేస్తేగానీ మళ్లీ మైదానంలోకి రానివ్వబోమని ఆ లీగ్ నియమం పెట్టింది.

కొరత నేరుగా పాఠం మీద పడుతుంది. ఇద్దరు అంపైర్లు ఉండాల్సిన మ్యాచ్‌కు ఒక్కరే వస్తే, ఆయన చూపంతా పిచ్ మీదే ఉంటుంది. ఫస్ట్ బేస్ వదిలే కాలును చూసేవాళ్లుండరు. తప్పు పట్టేవాళ్లు లేక అది అలవాటవుతుంది. ఏడాది తర్వాత ట్రావెల్ టోర్నమెంట్‌లో, ఇద్దరు అంపైర్ల ముందు, అదే కాలు అవుటవుతుంది. గ్యాలరీలోంచి అరిచే తండ్రికి ఆ అవుట్ మాత్రమే కనిపిస్తుంది, దాని వెనక ఏడాదిపాటు ఎవరూ చూడని తప్పు కనిపించదు. పైగా చాలా లీగుల్లో చిన్నపిల్లల మ్యాచ్‌లకు అంపైర్లుగా వచ్చేది టీనేజర్లే. పద్నాలుగేళ్ల కుర్రాడి మీద నలభై ఏళ్ల మనిషి గొంతు చించుకుంటే, ఆ కుర్రాడు తర్వాత ఏ రూల్నూ గట్టిగా ప్రకటించే సాహసం చెయ్యడు. గొంతు తగ్గిన అంపైర్ దగ్గర పిల్లలకు అందే సమాచారమూ తగ్గుతుంది.

దీనికి పెద్ద ఖర్చులేని మార్గం ఒకటి ఇప్పటికే ఆటలో ఉంది. ప్రతి మ్యాచ్‌కు ముందు హోమ్ ప్లేట్ దగ్గర అంపైర్, రెండు జట్ల కోచ్‌లు కలుస్తారు. ఆటగాళ్ల సామగ్రి సరిగా ఉందా అని అంపైర్ అడుగుతారు, మైదానం హద్దులు మాట్లాడుకుంటారు, రెండు మూడు నిమిషాల్లో విడిపోతారు. పిల్లలు అప్పుడు డగౌట్లలో ఉంటారు, వాళ్లకేమీ వినపడదు. పదేళ్లలోపు, పన్నెండేళ్లలోపు మ్యాచ్‌లకైనా ఇద్దరు కెప్టెన్లను అక్కడ నిలబెట్టి మూడు సంగతులు చెప్పొచ్చు: జారిన మూడో స్ట్రయిక్‌కు ఇవాళ పరుగు ఉందా లేదా, బేస్ ముందుగా వదిలితే హెచ్చరికా అవుటా, తొక్కని బేస్ గురించి అంపైర్ తనంతట తాను చెప్పరు. కెప్టెన్ వెళ్లి డగౌట్‌లో తన మాటల్లో అదే చెబుతుంది. తల్లిదండ్రుల కుర్చీలు ఆ వెనకే ఉంటాయి కాబట్టి వాళ్ల చెవినా పడుతుంది. ఆ రోజు ఫస్ట్ బేస్ మీద తొందరపడిన పాప అవుటై తిరిగొచ్చినా, ఏమైందని అడిగిన తండ్రికి ఏడవకుండా చెప్పగలుగుతుంది: ‘బంతి వదలకముందే కదిలాను నాన్నా.’